కాలిన పట్టు వాసన

పోయిన వారం మనం ధర్మవరంలో పుల్లన్న ఇంటి ముందు కారు దిగి ఆగిపోయాం. కథలోకి కొత్తగా వచ్చినవాళ్లకు నాలుగు మాటలు చెప్పి లోపలికి తీసుకుపోతాను.

హిందూపురంలో రామచంద్రయ్య శెట్టిది పాత పట్టుచీరల అంగడి. రెండేళ్ల కిందట ఆయన బెంగుళూరు నుంచి ఒక మందు తెప్పించడం మొదలుపెట్టాడు. నానో మందు అంటారు దాన్ని. అందులోని రేణువులు కంటికే కాదు, కాలేజీ ల్యాబులో ఉండే మైక్రోస్కోపుకు కూడా ఆననంత సన్నవి. ఆ మందు తుంపరగా కొట్టిన చీర మీద సాంబారు ఒలికినా జారి కింద పడుతుంది తప్ప మరక పడదు. 'తడి అంటని పట్టు' అని శెట్టి బోర్డు పెట్టగానే పెళ్లిళ్లవాళ్లు ఎగబడ్డారు. ఆ మందు కొట్టేది ధర్మవరంలో ఉండే పుల్లన్న. శెట్టి చీరలకు చిన్నప్పటి నుంచీ పాలిష్ పట్టేది అతనే. అలాంటి పుల్లన్న అసలు పట్టుచీరలు నొక్కేసి, వాటి బదులు నకిలీవి తిరిగి పంపుతున్నాడని శెట్టి ఇప్పుడు దొంగతనం అంటగట్టాడు. వేరే ఊళ్లో ఉండే శెట్టి కూతురు ధరణి ఈ సంగతి నమ్మలేకపోయింది. పుల్లన్న మనిషి ఈమధ్య మారిపోయాడని విని, పెనుకొండలో తన స్నేహితురాలు డాక్టర్ ప్రీతిని కారెక్కించుకుని నేరుగా ఇక్కడికి వచ్చింది. కారు డోరు వేసేలోపే లోపల నుంచి వాళ్ల నాయన అరుపు వినపడింది.

రామచంద్రయ్య అరిచే మనిషి కాదు. ఆడవాళ్లు వచ్చి అంగడిలో ఉన్న చీరలన్నీ విప్పించి, ఒక్కటీ కొనకుండా లేచిపోతే కూడా "ఎండగా ఉండాది, మజ్జిగ తాగి పోండమ్మా" అనే రకం. అలాంటాయన గొంతు ఇప్పుడు వీధి చివరికి వినపడుతోంది.

"ఏంరా, చెప్తావా, స్టేషన్‌కు పోదామా?"

ఏంరా! వయసులో తనకంటే పెద్దవాడైన పుల్లన్నను ఆయన ఏనాడూ అలా పిలవలేదు. ధరణి గబగబా లోపలికి నడిచింది. ప్రీతి వెనకే వచ్చింది.

అది పాలిష్ గది. పొడవాటి బల్ల మీద శెట్టి నకిలీవని వెనక్కి తెచ్చిన చీరలు గుట్టగా పడి ఉన్నాయి. పట్టపగలే లైటు వెలుగుతోంది. పుల్లన్న గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు. చేతులు ఒళ్లో పెట్టుకున్నా వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. అతని భార్య అన్నమ్మ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"నువ్వేమిటికి వచ్చినావ్ పాపా?" అన్నాడు రామచంద్రయ్య, కూతుర్ని చూసి. సంతోషం లేదు ఆ మాటలో.

"నాయనా, ముందు కూచో. అసలు ఆయన చీరలు మార్చినాడని నీకెట్ల తెలిసింది?"

"ఎట్ల తెలుస్తాది? పోగు కాల్చి చూస్తి."

పట్టు వ్యాపారంలో ఉన్నవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు. మిగతావాళ్లకు చెబుతాను. చీర కొంగు చివర నుంచి ఒక పోగు లాగి అంటిస్తే, అసలు పట్టయితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. నకిలీదైతే రాదు. పాలిష్ నుంచి సరుకు రాగానే అంగడి లోపలి గదిలో తలుపేసుకుని ఒక పోగు కాల్చి చూసుకోవడం రామచంద్రయ్యకు వాళ్ల నాయన నేర్పిన అలవాటు. కాల్చాక బూడిద నలిపి చూసే పద్ధతి కూడా ఉంది కాని, ఈ మందు తగిలిన పోగు బూడిద గట్టిపడి మోసం చేస్తోందని ఆయన దాన్ని వదిలేశాడు. ఇక మిగిలింది ముక్కు. ఆ ముక్కు మీద ఆయనకు ఎంత నమ్మకమంటే, పక్క అంగళ్లవాళ్లు కూడా అనుమానం వస్తే పోగు పట్టుకుని ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

"ఈ విడతలో వచ్చిన చీర కాల్చినా, వాసన రాల్యా. ఇంకోటి కాల్చినా, రాల్యా. అన్నీ తీసి చూస్తి పాపా. ఒక్కదాంట్లో కూడా పట్టు లేదు. మూడు తరాల అంగడి మనది. నకిలీ సరుకు అమ్ముతాండారని ఒక్క మాట బయటికి పొక్కితే నేను మొహం యాడ పెట్టుకోవాల?"

"ఇంకెవరికన్నా చూపించినావా?"

"చూపిస్తే ఊరంతా తెలియదా?"

అదీ నిజమే. నాయన ముక్కు తప్పు చెప్పిందని ఆమె ఎన్నడూ వినలేదు. పుల్లన్న దొంగతనం చేశాడన్నా నమ్మబుద్ధి కావడం లేదు. రెండూ ఒకేసారి నిజం కావు కదా! ఆమె పుల్లన్న ముందు గొంతుక్కూర్చుంది.

"పుల్లన్నా, నువ్వు చెప్పు. నువ్వు మార్చలేదు గదా?"

లేదు అంటాడని ఎదురుచూసింది. తన పిల్లల మీద ఒట్టేసి చెబుతాడనుకుంది. పుల్లన్న తల ఎత్తి చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. ఈమె ఎవరా అని వెతుక్కుంటున్నట్టుంది ఆ చూపు.

"మార్చినానేమో పాపా," అన్నాడు.

అరిచి అరిచి ఎర్రబడిన రామచంద్రయ్య నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"ఏం మాట్లాడతాండావ్ నువ్వు!" అన్నమ్మ గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చింది. "నువ్వు మార్చిందెప్పుడు? ఈ గది దాటి యాడికన్నా పోయినావా నువ్వు?"

"నాకు తెల్దే అన్నమ్మా. పొద్దున చేసింది మాపటికి గుర్తుండడంల్యా. మొన్న మన వీధి చివర నిలబడుకొని ఇల్లు యాడుందని మనోళ్లనే అడిగినా. శెట్టి అబద్ధం ఆడే మనిషి కాదు. ఆయన మార్చినావంటే మార్చే ఉంటా." పుల్లన్న రెండు చేతులూ జోడించాడు. "సామీ, నేనే తీసినానని యాడైనా చెప్తా. అన్నమ్మను మటుకు ఏమీ అనొద్దు."

చేసిన తప్పు ఒప్పుకునేవాళ్లను చూశాం. చేయని తప్పు భయపడి ఒప్పుకునేవాళ్లనూ చూశాం. తన మతి మీద తనకే నమ్మకం లేక, ఎదుటివాడి మాట మీద ఉన్న గౌరవంతో దొంగతనం నెత్తిన వేసుకునే మనిషిని మీరెక్కడైనా చూశారా?

అన్నమ్మ ఏడుస్తూనే ప్రీతి వైపు తిరిగింది. "డాక్టరమ్మా, ఈయప్ప ఇట్లుండేటోడు కాదు. పండక్కి కూడా చుక్క ముట్టడు. ఇప్పుడు ఊరికే కోపం, ఊరికే ఏడుపు. మొన్న అన్నం మాడి ఇల్లంతా పొగ కమ్ముకొన్యాది. పక్కనే కూచోనుండాడు, కదల్లా. ఏమయ్యా, కంపు రాలేదా అని అడిగినందుకు నా మీద చెయ్యెత్తినాడు. పెండ్లయినాక ఎన్నడూ లేదమ్మా అట్ల. తాగినాడేమోనని నోరు వాసన చూస్తి, ఏమీ లేదు."

ప్రీతి అప్పటిదాకా గది చుట్టూ చూస్తోంది. కిటికీలకు గోనెసంచులు కుక్కి మేకులు కొట్టి ఉన్నాయి. పైన ఫ్యాను రెక్కల మీద దుమ్ము పేరుకుపోయి ఉంది.

"ఫ్యాను వేసుకోరా మీరు?" అని అడిగింది.

"వేస్తే ఎట్లమ్మా?" అన్నాడు పుల్లన్న. పని మాట వచ్చేసరికి గొంతులో కాస్త జీవం వచ్చింది. "గాలి తగిల్తే తుంపర ఒకచోట ముందు ఆరుతాది, ఒకచోట వెనక ఆరుతాది. పట్టు మీద మచ్చలు పడతాయి. మందు కొట్టేటప్పుడు ఆకు కూడా కదలగూడదు ఈడ."

"ముక్కుకు ఏం కట్టుకుంటారు?"

"టువ్వాల."

ప్రీతి అన్నమ్మ చెవిలో ఏదో చెప్పి వంటింట్లోకి పంపింది. అన్నమ్మ ఇంగువ డబ్బా తెచ్చింది. మూత తీయగానే ధరణికి ముక్కులు అదిరిపోయాయి. ప్రీతి పుల్లన్నను కళ్లు మూసుకోమని, డబ్బా అతని ముక్కు కిందే పెట్టింది.

"ఏం వాసన పుల్లన్నా?"

"ఏం పెట్టినావమ్మా? ఏమీ పెట్టలేదు గదా."

అన్నమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. రామచంద్రయ్యకు మాత్రం చిర్రెత్తుకొచ్చింది.

"బాగుండాదమ్మా మీ వైద్యం! వానికి వాసన తెలియకపోతే నా చీరలు వెనక్కి వస్తాయా? దుడ్ల కోసం గడ్డి తిన్యాడు. వాని వెనక ఎవరో ఉండారు. అంగట్లో గుమాస్తాలు కూడా కలిసినారేమో అని నాకు అనుమానంగా ఉండాది."

గుమాస్తాలు కూడానా? ధరణి ఆ మాటకు ఉలిక్కిపడింది. లేచి బల్ల దగ్గరికి పోయింది. పైనున్న ఆకుపచ్చ చీర తీసుకుని కొంగు చివర నుంచి పోగు లాగింది. ఆమె ఆ అంగట్లో పుట్టి పెరిగిన పిల్లే. అగ్గిపుల్ల గీసి అంటించింది.

పోగు చివర ముడుచుకుని, చిన్న ఎర్రటి నిప్పు పాకి, సన్నగా పొగ లేచింది. వెంట్రుక కాలిన వాసన గుప్పుమంది.

"నాయనా!" ఆమె కేక పెట్టినంత పని చేసింది. "ఇది అసలు పట్టే!"

కింద ఉన్న ఎర్రచీర పోగు అంటించింది. అదే వాసన. పసుపుచీర. అదే వాసన. కిటికీలు మూసిన గదేమో, పొగ బయటికి పోయే దారి లేక ఆ కమురు కంపు అక్కడే నిలిచింది. అన్నమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఎంటికలు కాలినట్టే ఉండాది పాపా!" అంది. అంటూనే ఏడుపూ నవ్వూ కలిసి వచ్చేశాయి ఆమెకు. "ఇనపడిందా నీకు? నువ్వు దొంగోనివి కాదు!" అని మొగుడి భుజం పట్టుకుని ఊపేసింది.

ధరణి సంబరంగా నాయన వైపు తిరిగింది. తిరిగి, ఆగిపోయింది.

రామచంద్రయ్య గాలిని పీలుస్తున్నాడు. ఒకసారి, రెండోసారి. కూతురి ముఖం చూశాడు, అన్నమ్మ కొంగు చూశాడు.

"యాడ?" అన్నాడు. "యాడ వస్తాండాది వాసన?"

"ఇదో, ఈడే నాయనా. గదంతా ఉండాది."

ఆయన ఆమె చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని తానే ఒక పోగు పీకి అంటించాడు. ముక్కుకు ఎంత దగ్గర పెట్టుకున్నాడంటే మీసం కొసలు చిటపటమన్నాయి. తన వెంట్రుకే కాలుతున్నా ఆ మనిషికి వెంట్రుక కాలిన వాసన తెలియలేదు.

"ఏమీ ల్యా," అన్నాడు. తర్వాత ఒక అడుగు వెనక్కి వేశాడు. "మీరంతా ఒకటైనారు. నువ్వు కూడానా ధరణీ? నన్ను పిచ్చోన్ని చేయాలని నువ్వు కూడా వీళ్లతో కలిసినావా?"

ఆ మాట విన్నాక ధరణికి కన్నీళ్లు ఆగలేదు. అంగట్లో గల్లాపెట్టె తాళాలు చిన్నతనంలోనే ఆమె చేతికిచ్చిన నాయన ఆయన. ఆయన నోట ఇలాంటి మాటా? ఆమెకు కోపం రాలేదు, భయం వేసింది. ఇందాక గుమాస్తాల మీద అనుమానం. వారం నుంచి పుల్లన్న మీద. ఇప్పుడు తన మీద. ఈ మనిషి తన నాయన కాదేమో అనిపించింది ఒక్క క్షణం.

అప్పుడు అన్నమ్మ అంది, ఎవరినీ తప్పుపట్టకుండా, ఊరికే తోచిన మాట చెప్పినట్టు: "శెట్టి కూడా ఈడే కూచుంటాడు గదమ్మా."

ప్రీతి చటుక్కున తిరిగింది. "ఈడే అంటే?"

"ఈ గదిలోనే. మందు కొట్టేటప్పుడల్లా కుర్చీ వేసుకొని కూచుంటాడు. సరుకు కండ్ల ముందర ఉండాలంటాడు. అన్నీ ఆరేదాకా లేయడు, మడత పెట్టి పంపేది మటుకు మరుసటి రోజు. ఈయప్ప టువ్వాలన్నా కట్టుకుంటాడు, శెట్టి అది కూడా కట్టుకోడు."

ప్రీతి ఇంగువ డబ్బా తీసుకుని రామచంద్రయ్య ముందుకు వెళ్లింది. "అంకుల్, ఒక్కసారి. నా కోసం. కండ్లు మూసుకోండి."

ఆయన విసుక్కుంటూనే మూసుకున్నాడు. డబ్బా ముక్కు కిందికి వచ్చింది.

"పెట్టమ్మా, ఎంతసేపు?" అన్నాడాయన.

ఎవరూ పలకకపోయేసరికి కళ్లు తెరిచాడు. తెరిచి, ముక్కుకు ఆనుకునే ఉన్న డబ్బా చూశాడు. అందులోని ఇంగువ చూశాడు. కోపమంతా ఎక్కడికి పోయిందో, పుల్లన్న పక్కనే నేల మీద కూలబడ్డాడు.

"ప్రీతీ, ఏమైందే వీళ్లకు?" ధరణి అడిగింది.

"తేల్చి చెప్పలేను. నేనే కాదు, ఎవరూ ఇప్పుడే చెప్పలేరు," అంది ప్రీతి. "వాసన పట్టే నరాలు ముక్కు పైభాగం నుంచి నేరుగా మెదడులోకి పోతాయి. మామూలు దుమ్ము అయితే తుమ్మితే పోతాది. ఇంత సన్నవి ఆ నరాల వెంబడే పైకి పాకిపోగలవని ఎలుకల మీద చేసిన పరీక్షల్లో చూసినారు. కొన్ని పరీక్షల్లో ఆ ఎలుకలు అలవాటైన దారి మర్చిపోయినాయి, ఊరికే బెదిరిపోయినాయి. మనుషుల్లో కూడా అట్లే అయితాదని రుజువు కాలేదు. వాసన పోయేదానికి వంద కారణాలుంటాయి. స్కాన్ తీయాల, పెద్ద డాక్టర్లకు చూపించాల. కాని ధరణీ, ఒకే గదిలో గాలి పీల్చిన ఇద్దరు మనుషులు. ఇద్దరికీ వాసన పోయింది. ఒకరికి మతిమరుపు, ఒకరికి అనుమానం. నేను దీన్ని ఊరికే వదిలిపెట్టను. ఈ రోజు నుంచి ఈ గదికి తాళం."

రామచంద్రయ్య పుల్లన్న చెయ్యి పట్టుకున్నాడు. వణికే ఆ చేతిని తన రెండు చేతుల్లో పెట్టుకుని, "నిన్ను దొంగ అంటినే పుల్లన్నా," అన్నాడు. పుల్లన్నకు ఏం జరిగిందో పూర్తిగా అర్థమైనట్టు లేదు. అయినా శెట్టి ఏడుస్తుంటే చూడలేక, "పోనీలే సామీ, పోనీలే," అని ఓదారుస్తున్నాడు.

ప్రీతి ఆయన ఎదురుగా కూర్చుంది. "అంకుల్, ఒకటి చెప్పండి. వాసన రావడం లేదని ఈమధ్య ఇంకేమన్నా నకిలీదనుకున్నారా? వాసన తెలియక చెడిపోయింది తిన్నా, మంచిది పారేసినా ప్రమాదం. అందుకని అడుగుతాండా."

"ఏం చెప్పేదమ్మా! కాఫీపొడి అంగడోన్ని నలుగురిలో తిట్టినా. ఇంగువ వెనక్కి పంపిస్తి. నెయ్యి కల్తీ అని డబ్బాడు నెయ్యి మోరీ కాలవలో పోయిస్తి." చెబుతూ చెబుతూ ఆయనకే సిగ్గేసింది. ఏడుపు ముఖంతోనే నవ్వబోయాడు. ధరణి కూడా కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. డబ్బాడు నెయ్యి పోయిందని అమ్మ లలిత ఫోనులో ఎంత రుసరుసలాడిందో ఆమెకు తెలుసు.

నవ్వబోయిన రామచంద్రయ్య ముఖం అలాగే బిగుసుకుపోయింది.

"నాయనా?"

"మీ అమ్మ సూది మందు," అన్నాడాయన.

లలితకు షుగరు. మాత్రలకు లొంగక ఇన్సులిన్ పెట్టారు. సూది అంటే ఆమెకు భయం కాబట్టి రోజూ వేసేది ఆయనే. ఆ మందు సీసాకు ఆసుపత్రి వాసన ఒకటి ఉంటుంది, ఘాటుగా.

"కొత్త సీసా తెస్తి. ఆ వాసన రాల్యా. మెడికల్ షాపోడు నకిలీది అంటగట్టినాడనుకొంటి. పాతది చూస్తే అది కూడా అట్లే. అట్లాంటి మందు మీ అమ్మ ఒంట్లోకి పోగూడదని..." ఆయన తల దించుకున్నాడు. "రెండూ పారబోస్తి పాపా."

"పారబోసి?" ప్రీతి లేచి నిలబడింది. "ఆంటీకి ఏం వేస్తాండారు మరి?"

"మందు లేదంటే భయపడతాదని... కాచిన నీళ్లు పోసినా సీసాలో. అవే వేస్తాండా. అసలైన మందు దొరికేదాకా అనుకొంటి."

"ఎప్పటి నుంచి అంకుల్?"

"సోమవారం."

అది శుక్రవారం. ప్రీతి అప్పటికే ఫోను తీసింది. "ధరణీ, ఫోన్ చేయి. నేను అంబులెన్సుకు చేస్తా. చేయవే, అట్ల చూస్తావేం!"

ధరణి అమ్మ నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. మోగి మోగి ఇక ఎత్తరేమో అనుకునేసరికి అవతల నుంచి లలిత గొంతు వచ్చింది, నిద్రలోంచి మాట్లాడుతున్నట్టు, ముద్దముద్దగా.

"అమ్మా, నేను. ఎట్లుండావు?"

"దప్పిక పాపా... ఎన్ని నీళ్లు తాగినా దప్పిక తీరడంల్యా. తాగింది తాగినట్టే కక్కుకుంటాండా."

"తలుపు తీసి పెట్టమ్మా. అంబులెన్సు వస్తాది. పక్కింటోళ్లను పిలుచు."

"అంబులెన్సు ఏమిటికి? మీ నాయన వస్తాడు గదా, సూది వేస్తాడు." లలిత ఆయాసపడుతూనే కాస్త నవ్వింది. "మీ నాయన చెయ్యి ఎంత తేలికైందో తెలుసా? ఈమధ్య మందు పోయేటప్పుడు మంట కూడా తెలియడంల్యా..."

రామచంద్రయ్య రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఫోనులో ఏదో కింద పడిన చప్పుడైంది. గిన్నె కాదు, చెంబు కాదు. మనిషి పడిన చప్పుడు.

"అమ్మా!"

లైను తెగలేదు. అవతల టీవీ మాట్లాడుతూనే ఉంది.